ఇద్దరు చాలన్నారు, ఇప్పుడు ముగ్గురు కావాలంటున్నారు

(మాదాపూర్‌లో భవన నిర్మాణ కార్మికులు, ఐటీ ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సమావేశంలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం. కొంత కుదించి ఇస్తున్నాం.)



రైతు సంఘం వాళ్లకు హైటెక్ సిటీలో ఏం పని అని మమ్మల్ని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఈ హాల్లో కూర్చున్నవాళ్లను మీదే ఊరు అని అడిగి చూడండి. మక్తల్, కోస్గి, కొడంగల్, ఆదోని, ఇచ్ఛాపురం. పొద్దున్నే అడ్డా మీద నిలబడే అన్నకు ఊళ్లో ఎకరమో రెండెకరాలో మెట్ట ఉంటుంది. బోరు ఎండితే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఇక్కడికి వస్తాడు, వానలు పడితే విత్తనం వేయడానికి వెళ్తాడు. పైన అద్దాల మేడలో కంప్యూటర్ ముందు కూర్చున్న తమ్ముడి ఫీజుకు కట్టిన డబ్బు కూడా చాలా ఇళ్లలో పత్తి అమ్మిన డబ్బే, లేదా పొలం కుదవపెట్టిన డబ్బే. అందుకని మేం పరాయి చోటికి వచ్చామని అనుకోవడం లేదు.

ఇవాళ మాట్లాడమన్నది పిల్లల గురించి. పిల్లల గురించి పాలకులు మాట్లాడే మాటలు పథకాలుగా ఎలా మారతాయి, ఆ మాటల్లోకి రాని పిల్లలు ఏమవుతారు అన్నదే మా విషయం.

ముందు పాత సంగతి. 1994లో మన ఉమ్మడి రాష్ట్రంలో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఇద్దరి కంటే ఎక్కువ మంది పిల్లలుంటే సర్పంచ్‌గా, వార్డు మెంబరుగా పోటీ చేయకూడదని అందులో రాశారు. అప్పుడున్నది కాంగ్రెస్ ప్రభుత్వం. 1997లో చంద్రబాబు నాయుడు గారి ప్రభుత్వం జనాభా విధానం ప్రకటించింది. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి వచ్చి ఇక్కడే సైబర్ టవర్స్ ప్రారంభించారు. 1999లో విజన్ 2020 పుస్తకం వచ్చింది. ఆ రోజుల్లో ఊళ్లో ఏ గోడ మీద చూసినా చిన్న కుటుంబం చింతలేని కుటుంబం. పేదవాడు పేదవాడుగా ఎందుకున్నాడయ్యా అంటే పిల్లల్ని ఎక్కువగా కన్నాడు కాబట్టి అన్నది అప్పటి మాట. గిట్టుబాటు ధర లేక, కాల్వలో నీళ్లు లేక, అప్పు పుట్టక అని ఎవరూ గోడ మీద రాయలేదు.

ఆ మాట ఎవరి ఒంటి మీద పడిందో మన ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన ఆడవాళ్లలో, పదిహేను నుంచి నలభై తొమ్మిది ఏళ్లలోపు వాళ్లలో, ఆంధ్రప్రదేశ్‌లో వందకు సుమారు డెబ్బై మంది, తెలంగాణలో అరవై రెండు మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. చాలామందికి పాతికేళ్లు నిండకముందే అయింది. మగవాళ్ల ఆపరేషన్ల లెక్క మాట్లాడుకోవడానికి కూడా లేదు. ఆపరేషన్ అయిన మూడో వారానికే నాట్లకు దిగిన అక్కలు ఈ హాల్లోనే ఉంటారు.

పోటీకి అడ్డుపెట్టిన ఆ నిబంధన ఏం చేసిందో కూడా పరిశోధన ఉంది. మధ్యప్రదేశ్‌లో ఉన్నతాధికారిగా పనిచేసిన నిర్మలా బుచ్ గారు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాల్లో ఈ ఇద్దరు పిల్లల నిబంధనను అధ్యయనం చేశారు. పదవి పోతుందని భార్యను వదిలేసినవాళ్లు, కడుపు తీయించినవాళ్లు, పుట్టిన బిడ్డను దత్తత ఇచ్చేసినవాళ్లు ఆమెకు కనబడ్డారు. హర్యానాలో ఇలాంటి చట్టమే ఉంటే 2003లో సుప్రీంకోర్టు సరైనదే అంది. ఎమ్మెల్యేలకు, ఎంపీలకు మాత్రం ఈ లెక్క ఎన్నడూ పెట్టలేదు. కింద కూర్చునే వార్డు మెంబరుకే లెక్క.

ఇప్పుడు మాట తిరగబడింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధన తీసేసింది. 2025 అక్టోబరులో తెలంగాణ మంత్రివర్గం కూడా తీసేయాలని నిర్ణయించింది. తీసేయడం మంచిదే, మేమూ కోరిందే. కానీ ఆగి చూడండి, ఎందుకు తీసేశారు? ఆడవాళ్లకు అన్యాయం జరిగిందని కాదు. జనాభా తగ్గిపోతోందని. రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కో తల్లికి సగటున పుట్టే బిడ్డలు రెండుకు తక్కువకు, ఆంధ్రలో 1.7కు, తెలంగాణలో 1.8కు దిగారు. 1971 లెక్కల మీద ఆపి ఉంచిన లోక్‌సభ సీట్ల పంపకం 2026 తర్వాత మళ్లీ కదులుతుంది. పిల్లలు తక్కువున్న దక్షిణాదికి సీట్లు తగ్గుతాయన్న భయం. జపాన్‌లా ముసలివాళ్లు పెరిగిపోతారన్న భయం. ఆ భయాలు ఉత్తివి అని మేం అనడం లేదు. కానీ చిన్న కుటుంబం చింతలేని కుటుంబం అన్న నోళ్లే ఇప్పుడు ఎక్కువ మందిని కనండి అంటున్నాయి. ఎక్కువ మంది ఉన్నవాళ్లకే పోటీ చేసే హక్కు ఇస్తే ఎలా ఉంటుందని కూడా చంద్రబాబు గారు 2024లో అన్నారు. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ గారు ఇంకో అడుగు ముందుకేసి మూడో బిడ్డ ఆడపిల్లయితే యాభై వేలు, మగపిల్లవాడయితే ఆవును ఇస్తానన్నారు. ఆవు అంటే రైతు సంఘానికి సంతోషమే. దాణా ధర, పాల ధర కూడా ఆ సభలోనే చెప్పి ఉంటే ఇంకా బాగుండేది.

మేం చెప్పదలచింది ఇక్కడే ఉంది. పిల్లలు భారం అన్నప్పుడూ, పిల్లలే ఆస్తి అన్నప్పుడూ పాలకుల మాట పుట్టుక దగ్గర మొదలై పుట్టుక దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత మళ్లీ పిల్లలు వాళ్లకు కనబడేది బడి గేటు దగ్గర. పుట్టిన రోజుకూ ఒకటో తరగతికీ మధ్య ఆరేళ్లున్నాయి. ఆ ఆరేళ్లు ఎవరి మీద? తల్లి కూలి మీద.

డబ్బు లెక్కలు చూద్దాం. 2013 ఆహార భద్రత చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం సర్కారు ఉద్యోగులు, అలాంటి సాయం వేరేగా అందేవాళ్లు తప్ప ప్రతి గర్భిణికీ ఆరు వేలకు తగ్గకుండా ఇవ్వాలి. చట్టం వచ్చిన మూడేళ్లకు పైగా కేంద్రం కదల్లేదు. నోట్ల రద్దు తర్వాత 2016 డిసెంబరు 31 రాత్రి ప్రధాని మోదీ గారు ప్రసంగంలో గర్భిణులకు ఆరు వేలు అని కొత్త వరంలా ప్రకటించారు. పథకం బయటికొచ్చేసరికి అది ఐదు వేలు అయింది, అదీ మొదటి కాన్పుకే. తర్వాత రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఆరు వేలు అని చేర్చారు. తెలంగాణలో 2017లో తెచ్చిన కేసీఆర్ కిట్‌లో పన్నెండు వేలు, ఆడపిల్ల పుడితే పదమూడు వేలు. మంచి మొత్తమే, కానీ రెండు కాన్పులకే. కంపెనీల్లో పనిచేసే చెల్లెళ్లకు 2017 చట్ట సవరణతో ఇరవై ఆరు వారాల జీతంతో సెలవు వచ్చింది. మూడో బిడ్డకయితే పన్నెండు వారాలే. అంటే మూడో బిడ్డను కనమంటున్న దేశంలో మూడో బిడ్డకు చట్టం చేయి ముడుచుకుంటోంది. ఆంధ్రలో సర్కారు ఉద్యోగినులకు మాత్రం ఎన్నో కాన్పు అయినా ప్రసూతి సెలవు అని 2025లో ప్రకటించారు. మిరప కోతకు వెళ్లే అక్కకు మొదటి కాన్పుకు కూడా సెలవన్న మాటే లేదు. ఆమెకు సెలవంటే ఆ రోజు కూలి పోవడం.

బడి పథకాలకు వద్దాం. 2020 జనవరిలో ఆంధ్రలో అమ్మఒడి వచ్చింది. తల్లి ఖాతాలో పదిహేను వేలు. ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఒక్కసారే. 2024 ఎన్నికల్లో కూటమి ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ అని చెప్పింది. గెలిచిన మొదటి ఏడాది ఇవ్వలేదు. 2025 జూన్‌లో తల్లికి వందనం పేరుతో 67 లక్షల పైచిలుకు విద్యార్థులకు ఇచ్చింది, బడి నిర్వహణకు రెండు వేలు పట్టుకుని చేతికి పదమూడు వేలు. తల్లి ఖాతాలో డబ్బు పడటాన్ని మేం తప్పుపట్టం. ఆ డబ్బుతో అప్పు తీర్చినా, పుస్తకాలు కొన్నా, కోడిని కొన్నా అది ఆ ఇంటి సంగతి. మా పేచీ వడపోతతో. ప్రభుత్వం మారింది, వడపోత మారలేదు. మాగాణి మూడెకరాలు దాటితే లేదు, మెట్ట పదెకరాలు దాటితే లేదు, నెలకు కరెంటు మూడు వందల యూనిట్లు దాటితే లేదు. అనంతపురంలో పదెకరాల వేరుశనగ చేను ఏం ఇస్తుందో ఈ నిబంధన రాసినవాళ్లకు తెలిసి ఉండదు. అన్నదమ్ములు విడిపోయినా మీటరు ఒక్కటే ఉన్న ఇంట్లో, ఎండాకాలం రెండు ఫ్యాన్లు ఎక్కువ తిరిగితే బిడ్డకు డబ్బు ఆగిపోతుంది. మాట బిడ్డ పేరుతో చెబుతారు, కొలత మాత్రం పొలంతో, మీటరుతో వేస్తారు.

రెండు పథకాలూ ఒకటో తరగతి నుంచే. ఆరేళ్లలోపు పిల్లలకున్నది అంగన్‌వాడీ ఒక్కటే. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం అది. ఆ పిల్లల్ని చూసుకునే అక్కల్ని ఎలా చూశారో గుర్తుందా? 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి వరకు ఆంధ్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు నలభై రెండు రోజులు సమ్మె చేశారు. జీతం పెంచమన్నారు. పిల్లలకు మేనమామనని సభల్లో చెప్పుకున్న ముఖ్యమంత్రి ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. పిల్లల మీద ప్రేమ ఎంతుందో తెలియాలంటే ఆ పిల్లలకు అన్నం వండే మనిషి జీతం చూడాలని మేం అంటాం.

ఒక అన్న ఇందాక అడిగాడు, పాలకుల మాటల వల్ల ఎప్పుడూ చెడే జరిగిందా అని. కాదు. ఈ ప్రాంతం ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే ఇంకో మాట పుట్టింది. 1991 నుంచి శంకర్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లలో శాంతా సిన్హా గారి నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ పనిచేసింది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నారు వాళ్లు. అప్పటిదాకా సర్కారు లెక్కలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఉన్నవాడే బాలకార్మికుడు. గొర్లు కాసేవాడు, తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉండే అక్క, ఆ లెక్కలో లేరు. మాట మారాక లెక్క మారింది. పని మానిపించి, కొన్నాళ్లు శిబిరంలో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చే పద్ధతిని తర్వాత సర్కారు కూడా తీసుకుంది. 2003లో శాంతా సిన్హా గారికి మెగసెసే అవార్డు వచ్చింది. 2010 ఏప్రిల్ నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు చదువు హక్కు అంది. గమనించండి, ఆ మాట ఎంతమందిని కనాలో చెప్పలేదు. పుట్టిన బిడ్డ విషయంలో సర్కారు బాధ్యత ఏమిటో చెప్పింది.

అదే కాలంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనాల పొలాల్లో వేలమంది పిల్లలు, ఎక్కువగా ఆడపిల్లలు, పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దారు. చిన్న వేళ్లయితే పని నాజూగ్గా అవుతుందని ఒక సాకు చెప్పేవాళ్లు. దావులూరి వెంకటేశ్వర్లు గారు ఆ పొలాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసి విషయం బయటపెట్టారు. విదేశాల్లో గొడవయింది. అప్పుడు పత్రికల్లో బొమ్మ ఎవరిది పడింది? విత్తన రైతుది. కంపెనీ ముందే నిర్ణయించిన కొనుగోలు ధరలో పెద్దవాళ్లకు పూర్తి కూలి ఇస్తే రైతుకు మిగిలేది లేదన్న సంగతి బొమ్మలో లేదు. పిల్లల్ని పనిలో పెట్టడాన్ని మా సంఘం ఒక్కనాడూ సమర్థించదు. కానీ ధర మాట ఎత్తకుండా బిడ్డ మాట ఒక్కటే ఎత్తితే నేరం రైతు ఇంట్లో, లాభం కంపెనీ ఖాతాలో ఉండిపోతాయి. చదువుకున్న తమ్ముళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఈ చుట్టుపక్కలకు వద్దాం. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో 177 కోట్లు. గర్భిణికి ఇచ్చే ఐదు వేల లెక్కన ఆ ఒక్క ఎకరం డబ్బు 3 లక్షల 54 వేల మంది తల్లులకు సరిపోతుంది. డబ్బు లేదన్న మాట ఇంకెక్కడైనా చెప్పుకోవచ్చు గానీ రాయదుర్గంలో నిలబడి చెప్పలేరు.

ఆ భూమి మీద లేచే మేడల దగ్గర రేకుల షెడ్లున్నాయి. పొద్దున ఎనిమిదికి తల్లి ఇసుక తట్ట ఎత్తుతుంది. రెండేళ్ల బిడ్డను ఆరేళ్ల బిడ్డ చూస్తుంది. ఆ ఆరేళ్ల బిడ్డ బడిలో ఉండాలి, చట్టం అలాగే అంటోంది. ఇంకా చిన్నదయితే కర్రలకు కట్టిన చీర ఉయ్యాల్లో ఉంటుంది, పక్కన కంకర లారీలు వెనక్కొస్తుంటాయి. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన తల్లులకు భాష కూడా తోడు లేదు. మేడ పూర్తయ్యాక అందులోకి వచ్చే కంపెనీలో యాభై మంది ఉద్యోగులుంటే పిల్లల సంరక్షణ కేంద్రం, అదే క్రెష్, పెట్టాలని 2017 సవరణ చెబుతోంది. పెట్టాల్సిందే, అది ఆ చెల్లెళ్ల హక్కు. ఆంధ్రలో ఆడవాళ్లకు ఇంటి నుంచే ఐటీ పని అని 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి గొప్పగా చెప్పారు. ఒళ్లో బిడ్డ, ముందు లాప్‌టాప్ అయితే సమస్య తీరిపోదని ఆ చెల్లెళ్లే చెబుతున్నారు. సరే, ఆ మేడ కట్టేటప్పుడు? దానికీ చట్టం ఉంది. అది ఇంకా పాతది. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం 35వ సెక్షన్ ప్రకారం యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది, చూసుకోవడానికి శిక్షణ ఉన్న మనిషి ఉండాలి. చట్టం అన్నది పనిచేసే చోట అని. ఫలానా మేస్త్రీ కింద అని కాదు. నలుగురు మేస్త్రీల కింద ముప్పై మంది చొప్పున విడగొట్టి రాసి తప్పించుకుంటే అది లెక్కల మాయ. ఇప్పుడు ఆ చట్టాన్ని 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన కార్మిక కోడ్‌లలో కలిపేశారు. కోడ్‌లలో కూడా క్రెష్ మాట ఉంది. నిర్మాణ ఖర్చులో వసూలు చేసే సెస్సు డబ్బు కార్మికుల సంక్షేమ బోర్డు దగ్గర ఉంది. అంటే చట్టానికి కొరత లేదు, డబ్బుకు కొరత లేదు. ఆరేళ్లలోపు కూలివాళ్ల బిడ్డ గురించి మాట్లాడితే ఓటు రాదు, సీటు పెరగదు, అందుకే మాటలోకి రాదు. మాటలోకి రాలేదు కాబట్టి తనిఖీకి వచ్చే అధికారి కంటికి ఆ ఉయ్యాల కనబడదు.

ఊళ్లో పేరున్న బిడ్డకు ఊళ్లో అంగన్‌వాడీ గుడ్డు ఉంటుంది. తల్లితో ఇక్కడికొస్తే ఆ గుడ్డు ఊళ్లోనే ఆగిపోతుంది. మళ్లీ ఇక్కడ పేరు రాయించాలి. ఎక్కడ రాయించాలి, కేంద్రమే లేకపోతే? దీనికీ దారి ఉంది. 2006 డిసెంబరు 13న పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. ఒక ఆవాసంలో ఆరేళ్లలోపు పిల్లలు నలభై మంది ఉండి అంగన్‌వాడీ లేకపోతే, అక్కడివాళ్లు అడిగిన మూడు నెలల్లోపు పెట్టాలి. ఊళ్లకూ వర్తిస్తుంది, బస్తీలకూ వర్తిస్తుంది. రేకుల షెడ్లు ఆవాసం కాదని ఎవరైనా అంటే, రాత్రి ఎనిమిదికి వచ్చి పొయ్యిలు లెక్కపెట్టుకోమని చెబుదాం.

అందుకని పని ఇలా పంచుకున్నాం. షెడ్ల వారీగా ఆరేళ్లలోపు పిల్లల పేరు, వయసు, తల్లి పేరు, సొంత ఊరు రాసుకోవాలి. చంకలో బిడ్డను కూడా రాయాలి, గర్భిణుల పేర్లు విడిగా రాయాలి. నలభై దాటిన ప్రతి చోటు నుంచీ ఆ ప్రాంతపు శిశు అభివృద్ధి అధికారికి, అంటే సీడీపీఓకు దరఖాస్తు ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం, తేదీ తప్పకుండా అడగాలి. మూడు నెలల లెక్క ఆ తేదీ నుంచే. క్రెష్ గురించి కార్మిక శాఖకు వేరే కాగితం, అందులో సైట్ పేరు, బోర్డు మీదున్న బిల్డర్ పేరు, పనిచేసే ఆడవాళ్ల మొత్తం సంఖ్య ఉండాలి, మేస్త్రీల వారీగా కాదు. ఊళ్లలో మా సంఘం కమిటీలు తల్లీబిడ్డ కార్డులు, ఆధార్ నకళ్లు పోగు చేసి పంపుతాయి. కార్డు లేదని బిడ్డ పేరు జాబితాలోంచి తీయొద్దు. ఒడియాలో, హిందీలో మాట్లాడగలిగిన ఐటీ తమ్ముళ్లు పదిమంది పేర్లిచ్చారు, ఇంకా కావాలి. ఆదివారం సాయంత్రం ఆరు తర్వాత అయితే తల్లులు షెడ్ల దగ్గర దొరుకుతారు. దరఖాస్తు నమూనాలు వెనక బల్ల మీద ఉన్నాయి, వెళ్లేటప్పుడు తీసుకోండి. మొదట నార్సింగి, కోకాపేట వైపు షెడ్లకు వెళ్దాం.